కొండ మీద గోల్ఫ్ ఆడాలనుందా? ఏ వీడియో గేమ్, ఏ కోర్సు ఎవరికి సరిపోతుందో చూద్దాం

ఈ మధ్య ముగ్గురు నన్ను ఇదే అడిగారు. డల్లాస్‌లో ఉండే మా బావ దగ్గర పీఎస్5 ఉంది, పిల్లలు పడుకున్నాక గంటసేపు ఆడుకుంటాడు. మా మేనకోడలికి పదకొండేళ్లు, వాళ్లింట్లో నింటెండో స్విచ్ ఉంది. ఇక ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడి దగ్గర ఫోన్ తప్ప ఇంకేం లేదు. ముగ్గురికీ కావాల్సింది ఒకటే, కొండల మధ్య, లోయల మీదుగా, నిజంగా అయితే ఎవరూ కట్టలేని చోట ఉండే గోల్ఫ్ కోర్సు, అదీ చెమటలు పట్టించేది. ముగ్గురికీ మూడు వేరువేరు జవాబులు చెప్పాల్సొచ్చింది. ఇలాగే ఏది కొనాలో తేలక ఆగిపోయినవాళ్లు ఇంకా ఉంటారు కదా అని కాస్త వివరంగా రాస్తున్నా.

ముందే ఒక మాట. కొండ కోర్సులో అసలు కష్టం దూరం కొట్టడంలో లేదు. బంతి ఎక్కడ పడుతుందో, పడ్డాక ఎక్కడిదాకా దొర్లుతుందో కొట్టకముందే తెలుసుకోవడంలో ఉంది. అందుకే గ్రాఫిక్స్ చూసి గేమ్ ఎంచుకోవద్దంటాను. ఎత్తుపల్లాలు మీకు అర్థమయ్యేలా చూపించేది, తప్పు చేస్తే ఎందుకు తప్పయిందో తెలిసేది, అలాంటి గేమ్ ఎంచుకోండి. కింద రాసిందంతా ఆ కొలత పట్టుకునే రాశాను.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది ఎత్తు తేడా. నిజం గోల్ఫ్‌లో అందరూ వాడే ఒక మోటు లెక్క ఉంది, మూడు అడుగుల ఎత్తు తేడాకి ఒక యార్డ్ (గజం) దూరం. గ్రీన్ (రంధ్రం ఉండే నున్నటి గడ్డి చోటు) మీకంటే 60 అడుగులు కింద ఉంటే 20 యార్డ్లు తగ్గించుకుని కొట్టాలి, 60 అడుగులు పైన ఉంటే 20 కలుపుకోవాలి. చాలా గేముల్లో కూడా ఈ లెక్క దాదాపు పనిచేస్తుంది. ఇంకో చిన్న సంగతి ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. వెడ్జ్‌తో, అంటే బంతిని బాగా పైకి లేపే పొట్టి దూరాల క్లబ్‌తో, కొట్టిన బంతి దాదాపు నిలువుగా దిగుతుంది కాబట్టి ఎత్తు తేడా దాని మీద తక్కువ పనిచేస్తుంది. డ్రైవర్, వుడ్ లాంటి దూరం కొట్టే క్లబ్బులతో కొట్టిన బంతి ఏటవాలుగా దిగుతుంది కాబట్టి అదే ఎత్తుకి ఇంకాస్త ఎక్కువ దూరం పోతుంది. అంటే కొండ అంచు మీద నుంచి డ్రైవర్ కొట్టేటప్పుడు మూడడుగులకి యార్డ్ అన్న లెక్క సరిపోదు, కొంచెం ఎక్కువే తీసెయ్యాలి.

రెండోది గాలి. ఎదురుగాలి అయితే గాలి వేగం గంటకి ఒక్కో మైలుకి ఒక శాతం దూరం కలుపుకోవాలని, వెనక నుంచి వీస్తే అందులో సగమే తగ్గించుకోవాలని గోల్ఫర్లు చెప్తుంటారు. కొండ మీద నుంచి కిందకి కొట్టినప్పుడు బంతి గాల్లో ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది, కాబట్టి పక్కగాలి కూడా దాన్ని ఇంకాస్త ఎక్కువ తోస్తుంది. చదునైన కోర్సులో పది మైళ్ల పక్కగాలికి మీరు అలవాటుగా ఎంత పక్కకి గురిపెడతారో, కొండ మీద అంతకంటే ఎక్కువ పెట్టాలి.

మూడోది బంతి కూర్చున్న చోటు, గేమ్ భాషలో లై. కుడిచేతి ఆటగాడికి బంతి పాదాల కంటే పైన ఉంటే ఎడమకి పోతుంది, కింద ఉంటే కుడికి పోతుంది. పల్లం వైపు వాలి ఉన్న నేల మీద నుంచి కొడితే బంతి తక్కువ ఎత్తులో పోయి ఎక్కువ దొర్లుతుంది, ఎగువ వైపు వాలి ఉంటే పైకి లేచి త్వరగా ఆగుతుంది. ఇది చూపించని గేములో కొండ కోర్సు ఉన్నా అది గోడకి అతికించిన కొండ బొమ్మతో సమానం, ఆట మాత్రం చదునుగానే ఉంటుంది.

నాలుగోది తప్పుకి ఎంత పోతుంది అన్నది. కొండ కోర్సులో తప్పులు ఖాయం, అవి ఒక్కోటి ఒక స్ట్రోక్‌తో (ఒక దెబ్బ లెక్కతో) పోతాయా, ఒక హోల్ మొత్తం పోతుందా, లేక జేబులో డబ్బులు పోతాయా అన్నది చాలా ముఖ్యం. ఐదోది మీ చేతులకి ఏ స్వింగ్ అలవాటు, స్టిక్ వెనక్కి లాగి ముందుకి తోయడమా, బటన్ మూడుసార్లు నొక్కడమా, నిజంగా చెయ్యి ఊపడమా. ఆఖర్న డబ్బు, టైమ్, ఇంట్లో ఉన్న మెషీన్, ఇవి చెప్పక్కర్లేదు.

| ఆప్షన్ | దేని మీద ఆడాలి | ఎత్తు, వాలు ఎలా తెలుస్తాయి | తప్పు చేస్తే | కల్పన ఎంత |
|---|---|---|---|---|
| పీజీఏ టూర్ 2కే25, ఆటగాళ్లు కట్టిన కోర్సులు | పీఎస్5, ఎక్స్‌బాక్స్, పీసీ | అడుగుల్లో అంకె, గ్రీన్ మీద గ్రిడ్ | స్ట్రోక్ పోతుంది, కఠినం | కట్టినవాళ్ల ఊహని బట్టి |
| మారియో గోల్ఫ్ సూపర్ రష్ | స్విచ్ | రేంజ్ ఫైండర్ (దూరం కొలిచేది), నేల స్కాన్ | స్ట్రోక్ పోతుంది, వెంటనే కోలుకోవచ్చు | చాలా ఎక్కువ |
| ఈఏ స్పోర్ట్స్ పీజీఏ టూర్ | పీఎస్5, ఎక్స్‌బాక్స్, పీసీ | అంకెలు, గ్రీన్ వాలు గీతలు | అసలు గోల్ఫ్ నియమాలే | తక్కువ, నిజం కొండలు |
| వాకబౌట్ మినీ గోల్ఫ్ | వీఆర్ హెడ్‌సెట్, ఐఫోన్ | మీ కళ్లతోనే | పెద్ద నష్టం లేదు | ఎక్కువ |
| గోల్ఫ్ క్లాష్ | ఫోన్ | మ్యాప్ చూసి అంచనా | కాయిన్లు పోతాయి | మధ్యస్తం |

పీజీఏ టూర్ 2కే25: కొండలకి కొదవ లేదు, మంచి కొండ వెతుక్కోవాలి

దీన్ని తయారుచేసింది కెనడాలోని హెచ్‌బీ స్టూడియోస్, 2014లో ది గోల్ఫ్ క్లబ్ అనే గేమ్‌తో ఈ వరుస మొదలుపెట్టినవాళ్లు. మొదట్నుంచీ వీళ్ల బలం కోర్స్ డిజైనర్. ఎవరైనా సొంతంగా కోర్సు కట్టి అందరికీ పంచొచ్చు. అందుకే ఇందులో ఫాంటసీ కొండ కోర్సులు కుప్పలుతెప్పలుగా ఉంటాయి, జలపాతం మీదుగా టీ షాట్ (హోల్‌లో మొదటి దెబ్బ), రాతి స్తంభం మీద గ్రీన్, మంచు కొండ చుట్టూ తిరిగే ఫెయిర్‌వే (గ్రీన్ దాకా పోయే గడ్డి దారి), ఏది ఊహిస్తే అది ఎవరో ఒకరు కట్టే ఉంటారు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఈ 2కే25లో స్వింగ్ కూడా మార్చారు, మీకు ఎంత కష్టం కావాలో అంత పెట్టుకోవచ్చు, స్వింగ్ టైమింగ్ గొడవ అసలు లేకుండా కూడా పెట్టుకోవచ్చు, మూడు నొక్కుల పద్ధతి కావాలంటే అదీ ఉంది.

నాకు ఇది ఎందుకు నచ్చిందో ఒక్క హోల్ చెప్తే అర్థమవుతుంది. ఎవరో కట్టిన ఒక కోర్సులో పార్ 3, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్, టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) ఒక కొండ చరియ అంచున ఉంటుంది, గ్రీన్ 187 యార్డ్ల దూరంలో 72 అడుగుల కింద, ముందంతా బండరాళ్లు, వెనక లోయ. ఆ రోజు పది మైళ్ల ఎదురుగాలి. మొదటిసారి నేను 187 ఒక్కటే చూసి ఆ దూరానికి కొట్టాను, బంతి గ్రీన్ మీదుగా వెళ్లి లోయలో పడింది. రెండోసారి ఎత్తు గుర్తొచ్చింది, 72 అడుగులంటే 24 యార్డ్లు, తీసేస్తే 163, సరిగ్గా అంతే కొట్టాను, ఎదురుగాలికి బంతి ఆగిపోయి బండల్లో పడింది. మూడోసారి రెండూ కలిపి లెక్కేశాను, 163కి పది శాతం అంటే 16, మొత్తం 179. నా బ్యాగులో 6 ఐరన్ అనే క్లబ్‌తో బంతి 180 యార్డ్లు పోతుంది. కొట్టాను, బంతి పైనుంచి నిలువుగా దిగి పిన్‌కి (రంధ్రంలో ఉండే జెండా కర్రకి) నాలుగడుగుల ముందు పడి అక్కడే ఆగింది. ఆ మూడు షాట్లలో మొదటి రెండూ ఎందుకు పోయాయో స్క్రీన్ మీద అంకెల్లోనే ఉంది. గేమ్ నన్ను మోసం చెయ్యలేదు, నేనే చూడలేదు. కొండ కోర్సు నేర్పాల్సింది ఇదే కదా.

మా బావతో ఫోన్లో జరిగిన మాట కూడా ఇదే.

"ఏంట్రా ఇది, కొండ మీద నుంచి కొడితే ప్రతిసారీ గ్రీన్ దాటేస్తోంది?"

"బావా, దూరం పక్కన బాణం గుర్తుతో అడుగులు చూపిస్తుంది చూడు, అది చూసి కొడుతున్నావా?"

"అది ఎందుకో అనుకున్నా ఇన్నాళ్లూ."

అయితే ఇందులో ఒక చిక్కుంది. ఆటగాళ్లు కట్టిన కోర్సులంటే అన్నీ మంచివి కావు. ఫాంటసీ పేరుతో కొందరు గ్రీన్లని ఎంత ఏటవాలుగా కడతారంటే పిన్ పక్కన బంతి ఆగనే ఆగదు, పుట్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ) కొడితే కిందదాకా జారిపోయి ఫెయిర్‌వేలోకి వెళ్తుంది. అది కష్టం కాదు, అన్యాయం. నేను కోర్సు ఎంచుకునే ముందు నాలుగు విషయాలు చూస్తాను. ఎంతమంది ఆడారు, రేటింగ్ ఎంత, మొదటి మూడు హోల్స్‌ని పైనుంచి తిప్పి చూపించే ఫ్లైఓవర్‌లో పిన్ చుట్టూ కాస్తయినా చదును ఉందా, కొండ మీద టీ నుంచి కొట్టిన బంతి పడేచోట ఫెయిర్‌వే వెడల్పుగా ఉందా లేదా. కట్టినవాళ్లకి గోల్ఫ్ తెలుసో లేదో ఈ ఆఖరి దాన్ని బట్టి చెప్పేయొచ్చు, ఎత్తు నుంచి కొట్టించేవాళ్లు కింద చోటు కూడా ఇవ్వాలి. టీజీసీ టూర్స్ అని ఆటగాళ్లే నడిపే పోటీల వేదిక ఒకటి ఉంది, అక్కడి పోటీలకి తీసుకున్న కోర్సులైతే మరీ గందరగోళంగా ఉండవు, కొత్తవాళ్లు అలాంటివి వెతుక్కుంటే ఒక వారం వృథా కాకుండా ఉంటుంది.

ఇంకో లోటు, ఒక రౌండ్‌కి టైమ్ ఎక్కువ పడుతుంది. ప్రతి షాట్‌కీ లెక్కేసి ఆడితే పద్దెనిమిది హోల్స్‌కి గంట దాటుతుంది. మా బావలాగా రాత్రి గంటే టైమ్ ఉన్నవాళ్లు ముందు తొమ్మిది హోల్స్ ఒక రోజు, మిగతా తొమ్మిది ఇంకో రోజు ఆడుకోవడమే మేలు, అలసిపోయి ఆడితే పదమూడో హోల్ నుంచి లెక్కలు తప్పుతాయి.

మారియో గోల్ఫ్ సూపర్ రష్: కొండ ఎక్కడమే ఆట

కెమెలాట్ అనే జపాన్ సంస్థ చేసింది, 2021 జూన్‌లో స్విచ్ కోసం వచ్చింది. చూడ్డానికి పిల్లల గేమ్‌లా ఉంటుంది, నిజమే, కానీ కొండ కోర్సు అనే మాటకి ఇక్కడ దొరికే అర్థం ఇంకెక్కడా దొరకదు. రిడ్జ్‌రాక్ లేక్ అని ఒక కోర్సు ఉంది, రాళ్ల గుట్టలు, మధ్యలో నీళ్లు, ఒకదానికొకటి ఎత్తు తేడా ఉన్న మెట్టలు. గోల్ఫ్ అడ్వెంచర్ మోడ్‌లో ఇక్కడికొచ్చాక క్రాస్ కంట్రీ గోల్ఫ్ అని నేర్పిస్తారు. హోల్స్ వరుసలో ఆడక్కర్లేదు, ఏ హోల్ ముందు ఆడాలో మీరే తేల్చుకోవాలి, మొత్తం ఇన్ని స్ట్రోకుల్లో అన్నీ ముగించాలి, పై మెట్ట మీదకి బంతిని చేర్చడానికి సుడిగాలులు ఉంటాయి, వాటిలోకి కొడితే పైకి ఎత్తేస్తాయి. ఇక్కడ ఎత్తు అనేది లెక్కలో తీసేసే అంకె కాదు, దారి వెతుక్కోవాల్సిన చిక్కుముడి. ఇక్కడినుంచి నేరుగా ఆ హోల్‌కి పోతే మళ్లీ కిందకి దిగాలి, దిగితే రెండు స్ట్రోకులు అదనం, కాబట్టి ముందు పైవన్నీ ముగించుకుని దిగుతూ రావాలి, ఇలా ఆలోచించాలి. మా మేనకోడలు ఒక నోటుపుస్తకంలో మెట్టలు గీసుకుని బాణాలు పెట్టుకుంది. పదకొండేళ్ల పిల్ల దారి ప్లాన్ వేసుకుని మరీ గోల్ఫ్ ఆడుతుంటే పక్కన కూర్చుని చూడటం నాకు చాలా సంతోషమేసింది.

ఇంకా కష్టం కావాలంటే బౌసర్ హైలాండ్స్ ఉంది, లావా మడుగులు, నల్లరాళ్ల కొండలు. ఫెయిర్‌వే తప్పితే బంతి లావాలో పోతుంది. 2021 చివర్లో ఉచిత అప్‌డేట్‌లో ఆల్ స్టార్ సమ్మిట్ అని ఇంకో కోర్సు కూడా కలిపారు, గేమ్ కొన్నవాళ్లకి దానికి విడిగా డబ్బులు అక్కర్లేదు.

షాట్ కొట్టే పద్ధతి సులువు, బటన్ నొక్కి బలం చూపించే గేజ్ మొదలుపెట్టి మళ్లీ నొక్కి బలం ఆపుతాం, ఆ తర్వాత స్టిక్‌తో వంపు ఇస్తాం. కొండ కోర్సుకి ఈ వంపు బాగా పనికొస్తుంది, రాతి గుట్ట అడ్డొస్తే చుట్టూ తిప్పి కొట్టొచ్చు. లై బాగోలేకపోతే గేజ్ పై భాగంలో ప్రమాద భాగం కనబడుతుంది, అక్కడిదాకా బలం పెడితే బంతి ఎటు పోతుందో చెప్పలేం, అందుకే వాలు మీద నుంచి కొట్టేటప్పుడు పెద్ద క్లబ్ తీసుకుని తక్కువ బలంతో కొట్టమని మా మేనకోడలికి చెప్పాను. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేలా లై సంగతి చెప్పే పద్ధతి ఇది.

లోటు ఏంటంటే, నిజం గోల్ఫ్ మీద ఇష్టంతో వచ్చినవాళ్లకి కొన్నాళ్లకి ఇది పలచగా అనిపిస్తుంది. కోర్సుల సంఖ్య పరిమితం, కొత్తవి ఇక రావు. స్పీడ్ గోల్ఫ్ మోడ్‌లో బంతి వెనక పరుగెత్తాలి, కొండ మీద అది ఊపిరాడనివ్వదు, నాకైతే అది నచ్చదు, నిలబడి చూసుకుని కొట్టుకోవాలనిపిస్తుంది, పిల్లలకి మాత్రం ఆ పరుగే ఇష్టం. ఇంకోటి, మన దగ్గర చాలా ఊళ్లలో స్విచ్, దాని గేములు దిగుమతి సరుకు అమ్మే షాపుల్లోనే దొరుకుతాయి, ధర ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, నాలుగు చోట్ల అడిగి కొనండి.

ఈఏ స్పోర్ట్స్ పీజీఏ టూర్: కల్పనలా కనిపించే నిజం కొండలు

2023 ఏప్రిల్‌లో వచ్చింది, నాలుగు మేజర్లూ (గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద పోటీలు) ఉన్న గేమ్ అని చాలామంది దీన్ని వాటిలో ఒకటైన మాస్టర్స్ జరిగే అగస్టా కోర్సు కోసం కొంటారు. ఫాంటసీ కొండ కోర్సు కావాలన్నవాళ్లకి నేను ఇది చెప్పడానికి కారణం రెండు కోర్సులు. ఒకటి బాన్ఫ్ స్ప్రింగ్స్, కెనడాలో రాకీ పర్వతాల్లో ఉంది, స్టాన్లీ థాంప్సన్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్, 1928 నాటిది. అందులో నాలుగో హోల్‌ని డెవిల్స్ కాల్డ్రన్ అంటారు, ఎత్తైన టీ మీద నుంచి చిన్న హిమనదపు మడుగు దాటించి గ్రీన్ మీద వెయ్యాలి, వెనక నిలువునా పర్వతం. మొదటిసారి ఆడినప్పుడు ఎవరో ఊహించి గీసిన బొమ్మ అనుకుంటారు, అది నిజంగా ఉన్న చోటు. రెండోది నెవాడా ఎడారిలోని వుల్ఫ్ క్రీక్, ఎర్ర మట్టి గుట్టల మధ్య పచ్చటి గడ్డి చారలు, టీలు గుట్టల మీద, ఫెయిర్‌వేలు కింద లోయల్లో. పచ్చ చార తప్పితే ఎడారే.

ఇక్కడ ఆడే పద్ధతి గంభీరంగా ఉంటుంది. షాట్ రకాలు ఇరవై దాకా ఉన్నాయి, ఎత్తు మీద నుంచి తక్కువ ఎత్తులో పోయే షాట్ కొట్టి గాలిని తప్పించుకోవడం లాంటివి నేర్చుకుంటే బాన్ఫ్‌లో చాలా ఉపయోగం. కానీ లావా, తేలే రాళ్లు, సుడిగాలులు అనుకుని వస్తే నిరాశ తప్పదు. ఊహాజనిత కోర్సు ఇందులో ఉంది, లైట్‌హౌస్ పాయింట్ అని, అది కొండ కోర్సు మాత్రం కాదు. నా మాట ఏంటంటే, మీకు నిజం గోల్ఫ్ టీవీలో చూసే అలవాటుంటే, ఎప్పటికైనా ఒక కొండ కోర్సు మీద నిలబడాలని కోరిక ఉంటే, 2కే కంటే ముందు ఇది తీసుకోండి. ఆ కోరిక లేకపోతే ఇది రెండో కొనుగోలు.

వాకబౌట్ మినీ గోల్ఫ్: కళ్లు తిరిగే ఎత్తు

ఇది పుట్టర్ ఆట, అంటే అన్నీ దొర్లించే దెబ్బలే, డ్రైవర్ లేదు. ఆస్టిన్‌లోని మైటీ కోకోనట్ అనే చిన్న సంస్థ చేసింది, 2020లో వచ్చింది. వీఆర్‌లో ఆడితేనే దీని రుచి తెలుస్తుంది. షాంగ్రిలా అని విడిగా కొనుక్కునే కోర్సు ఉంది, పర్వతాల మధ్య లోయ, జలపాతాలు, మెట్లు. గేమ్‌తో పాటే వచ్చే సీగల్ స్టాక్స్‌లో సముద్రం పక్కన రాతి స్తంభాల మీద ఆడాలి. ఎత్తు ఇక్కడ అంకె కాదు, అంచు దాకా నడిచి కిందకి చూస్తే కాళ్లు వణుకుతాయి. వాలు మీ కళ్లకే కనబడుతుంది, వంగి చూస్తే ఇంకా బాగా కనబడుతుంది, ఏ గ్రిడ్డూ అక్కర్లేదు.

ప్రతి కోర్సుకీ మామూలు పద్దెనిమిది, కష్టం పద్దెనిమిది ఉంటాయి, కష్టం వెర్షన్ అదే చోటుని వేరే దారిలో తిప్పుతుంది. దాచిపెట్టిన బంతులు వెతకడం అని ఇంకో ఆట ఉంది, పిల్లలకి అదే ఎక్కువ ఇష్టం. ఇంకో గొప్ప విషయం, కోర్సు ఒకరు కొంటే చాలు, వాళ్లతో పాటు గదిలో చేరిన ఫ్రెండ్స్ కొనకుండానే ఆడొచ్చు. విదేశాల్లో ఉన్న అన్నదమ్ములు, ఇక్కడున్న చెల్లెళ్లు కలిసి ఆడుకోవడానికి దీనికి మించింది నాకు కనబడలేదు, ఆడుతూ మాట్లాడుకోవడమే సగం ఆట. ఎత్తు అంటే భయం ఉన్నవాళ్లు, వీఆర్‌లో తల తిరిగేవాళ్లు మాత్రం ముందు ఎవరి హెడ్‌సెట్ అయినా పెట్టుకుని పావుగంట చూసుకుని కొనండి. హెడ్‌సెట్ ఒక్కటే దీని కోసం కొనమని నేను చెప్పను.

గోల్ఫ్ క్లాష్: ఫోన్ మాత్రమే ఉంటే

2017 నుంచి ఉంది, ఉచితం. ఒకరితో ఒకరు, ఒక్క హోల్, రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. బంతిని వెనక్కి లాగి, సూది మధ్యకి రాగానే వదలాలి. గాలికి తగ్గట్టు గురిని రింగుల లెక్కన జరపడం, ఎత్తుకి తగ్గట్టు ఇంత శాతం అని సవరించుకోవడం, ఆడేవాళ్ల మధ్య ఈ లెక్కలన్నీ పెద్ద శాస్త్రంలా ఉన్నాయి. గాలి లెక్క నేర్చుకోడానికి మంచి గేమ్, ఇది ఒప్పుకుంటాను. కానీ ప్రతి మ్యాచ్‌కీ ఎంట్రీ కాయిన్లు కట్టాలి, ఓడితే పోతాయి, క్లబ్బులు బలపడాలంటే పెట్టెలు తెరవాలి, పెట్టెలు తెరుచుకోవాలంటే గంటలు ఆగాలి లేదా డబ్బు పెట్టాలి. కొండ హోల్ అంటేనే పదిసార్లు ఓడి నేర్చుకునేది, ఓడిన ప్రతిసారీ కాయిన్లు పోయే చోట ఎవరూ ధైర్యంగా ప్రయత్నించి చూడరు. మా ఆఫీసు కుర్రాడికి ఒకటే చెప్పాను, కాయిన్లు తక్కువ పెట్టే చిన్న టూర్లలోనే ఆడుతూ గాలి లెక్క నేర్చుకో తమ్ముడూ, కార్డు నంబర్ మాత్రం అందులో పెట్టకు, ఆ డబ్బులు దాచుకుంటే ఏడాదిలో సెకండ్ హ్యాండ్ కన్సోల్ వస్తుంది.

మరి ఎవరు ఏది తీసుకోవాలి

పెద్దవాళ్లు, ఒంటరిగా ఆడేవాళ్లు, లెక్క వేసి కొట్టడం ఇష్టమైనవాళ్లు, వీళ్లకి 2కే25. ఒక్క గేమ్‌తో రెండేళ్లు గడిపేయొచ్చు, కొండ కోర్సులు అయిపోవు. పీఎస్4 లాంటి పాత మెషీన్ ఉంటే 2కే25 దాని మీద రాదు, 2022లో వచ్చిన 2కే23 తీసుకోండి, కోర్స్ డిజైనర్ అందులోనూ ఉంది, తగ్గింపు ధరలో ఉన్నప్పుడు కొంటే సరిపోతుంది.

ఇంట్లో పదేళ్ల పైబడిన పిల్లలు ఉంటే మారియో. అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని ఆడొచ్చు, స్విచ్ కంట్రోలర్ అయిన జాయ్‌కాన్ చేత్తో పట్టుకుని ఊపి కొట్టే పద్ధతి కూడా ఉంది కాబట్టి బటన్లు రాని నానమ్మ, తాతయ్యలకి కూడా ఒక రౌండ్ ఇవ్వొచ్చు. కానీ చిన్నపిల్లలకి మొదటిరోజే బౌసర్ హైలాండ్స్ పెట్టొద్దు, లావాలో పది బంతులు పోతే కంట్రోలర్ పక్కన పెట్టేస్తారు. రిడ్జ్‌రాక్ లేక్‌తో మొదలుపెట్టండి.

2కేనా, ఈఏనా అని ఊగేవాళ్లు ఎక్కువమంది ఉంటారు, వాళ్లకి నా ప్రశ్న ఒకటే. మీకు కావాల్సింది కొత్త కోర్సులా, ఒకే కోర్సుని బాగా ఆడటమా? వారానికి ఒక కొత్త కొండ చూడాలంటే 2కే. ఒకే బాన్ఫ్‌ని నెలంతా ఆడి స్కోరు 80 స్ట్రోకుల నుంచి 70కి తేవాలంటే ఈఏ. రెండోరకం మనుషులు తక్కువ, కానీ వాళ్లకి ఈఏలో దొరికే తృప్తి వేరు.

ఏది కొన్నా మొదటి రోజు ఒక పని చెయ్యండి. నిజం ప్రపంచంలో ఐదు వేల అడుగుల ఎత్తున గాలి పలచగా ఉండి బంతి దాదాపు ఆరు శాతం ఎక్కువ పోతుంది, డెన్వర్ లాంటి చోట ఆడేవాళ్లకి ఇది తెలిసిన సంగతే. మీ గేమ్ ఆ ఎత్తుని లెక్కలోకి తీసుకుంటుందా లేదా అన్నది పుస్తకం చూసి కాదు, కొట్టి తెలుసుకోవాలి. కొండ కోర్సులో చదునైన హోల్ ఒకటి చూసుకుని గాలి లేనప్పుడు 7 ఐరన్ పూర్తి బలంతో ఐదుసార్లు కొట్టండి, అదే క్లబ్ సముద్ర మట్టం కోర్సులో ఐదుసార్లు కొట్టండి, రెండు సగటులూ ఒక కాగితం మీద రాసుకోండి. తేడా ఉంటే ఆ శాతాన్ని అన్ని క్లబ్బులకీ కలుపుకోండి, లేకపోతే దాని గురించి మర్చిపోయి మూడడుగులకి ఒక యార్డ్ లెక్క ఒక్కటే పట్టుకుని ఆడండి. గాలి మొదటి మూడు రౌండ్లూ తక్కువలో పెట్టుకోండి, స్వింగ్ సులువులో ఉంచండి, నాలుగో రౌండ్ నుంచి గాలి పెంచండి, స్వింగ్ కష్టం ఆ తర్వాత. రెండూ ఒకేసారి పెంచితే బంతి లోయలో పడ్డప్పుడు లెక్క తప్పిందో చెయ్యి తప్పిందో మీకే తెలియదు.